మన పట్టణములు: బెజవాడ పాతపేట – పేరున్న కట్టడములు, పేరులేని యిండ్లు

నెలకొక యూరి ముచ్చట చెప్పుకొను ఈ శీర్షికలో ఈ మారు విజయవాడ వన్ టౌనును గూర్చి వ్రాయుచున్నాము. కృష్ణకు రెండు దరులయందును గల మన యాడువారిలో ఆ పేటకు పోనివారు అరుదు. ఇంట పెండ్లి కుదిరినదో లేదో, "వస్త్రలతకు పోయి వద్దాము" అను మాట పుట్టును. పోదుము, అంచులు చూతుము, కొంగులు చూతుము, ధర కొంత తగ్గించితిమని సంతసింతుము, మూటలతో రైలో బస్సో యెక్కుదుము. తలయెత్తి వీధిని చూచుటకు మాత్రము తీరిక యుండదు. మేమును మొన్నమొన్నటివరకు ఆ కోవలోనివారమే. గడచిన ఆషాఢమున, శ్రావణమాసపు పెండ్లికి బట్టలు కొన పోయినప్పుడు, ఒక ముసలమ్మగారి మూలమున మాకు కొంత కనువిప్పు కలిగినది. ఆ సంగతియే ఇప్పుడు మీతో చెప్పదలచితిమి.

ముందుగా ఆ పేట రూపమును చెప్పవలయును. ఒకవైపున ఇంద్రకీలాద్రి, ఒకవైపున కృష్ణ కాలువ, ఒకవైపున రైలు స్టేషను. వీని నడుమ ఇరుకున ఒదిగి పెరిగిన యూరు ఇది. పోలీసు ఠాణాల హద్దులనుబట్టి పట్టణములను వన్ టౌను, టూ టౌను అని పిలుచు వాడుక మనకు కలదు గదా! పాత బెజవాడకు ఆ వాడుక పేరే నిలిచిపోయినది. 1888వ సంవత్సరమున ఇక్కడ పురపాలక సంఘ మేర్పడెను. ఆ సంవత్సరముననే రైలుదారులును ఇచట కలిసికొనెను. మెయిన్ బజారు, సామరంగం చౌకు, బ్రాహ్మణవీధి, శివాలయం వీధి, ఇస్లాంపేట, తారాపేట, వించిపేట, కొత్తపేట: ఒక్కొక్క పేరును వినినంతనే ఆ వీధిలో ఎవరు కాపురముండిరో, ఏ సరకు అమ్మిరో కొంత తోచును. గుడి గంటయు, మసీదు పిలుపును, బడి పిల్లల అల్లరియు, బండ్లవారి కేకలును ఒకే సందులో వినవచ్చును.

రైలు దిగి పేటలోనికి వచ్చువారికి మొదట కానవచ్చునది గాంధీకొండ. దానిపై 52 అడుగుల స్తూపము కలదు. 1968 అక్టోబరు 6వ తేదీన అప్పటి రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుస్సేనుగారు దానిని ఆవిష్కరించిరి. అంతకుముందు ఆ కొండకు ఓర్ కొండ యని పేరు. ఓరు అనునాతడు ఎవరో నేటి పిల్లలకు తెలియదు. నందననామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమను కరవు మ్రింగెను. అటు పిమ్మట కృష్ణకు ఆనకట్ట కావలయునని తలచినవారిలో సర్ ఆర్థరు కాటనుగారు ముఖ్యులు. 1852లో పని మొదలిడి 1855లో ముగించిన యింజనీరు కెప్టెన్ ఓరు. కొండరాళ్లు కొట్టి ఆ కట్టను కట్టిరి. దానివలననే బందరు, ఏలూరు, రైవసు కాలువలకు నీరు పారి, డెల్టాలోని మన యిండ్లలో అన్నము కొరత తీరినది. 1952లో ఆనకట్టకు గండి పడగా, దానికి బదులుగా కట్టిన బారేజి 1957లో సిద్ధమై, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వహించినది. కట్టలోని రాళ్లు మారినవి, పేరు మారినది. నీరు మాత్రము అదే కాలువలలో పారుచున్నది.

ఇట్టిదే మరియొక యుదాహరణము. కాలువ దాటి బందరు రోడ్డునకు పోయినచో పాత విక్టోరియా జూబిలీ మ్యూజియము కనబడును. విక్టోరియా రాణి యేలుబడికి ఏబదియేండ్లు నిండిన సందర్భమున 1887 జూన్ 27వ తేదీన, అప్పటి కృష్ణా కలెక్టరు రాబర్టు సూయెలుగారు దానికి శంకుస్థాపన చేసిరి. విజయనగర సామ్రాజ్య చరిత్రను 1900లో ఆంగ్లమున వెలువరించినవారు ఈయనయే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు పతాకపు నమూనాను చూపినది ఈ ఆవరణముననే యని చెప్పుదురు. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్పవలెననియు, కోటిమంది సభ్యులను చేర్పవలెననియు, 20 లక్షల రాట్నములు ఇండ్లలో తిరుగవలెననియు నిశ్చయించినది ఆ సమావేశమే. ఆ రాట్నములను త్రిప్పవలసినవారిలో ఎక్కువమంది మనవంటి గృహిణులే కారా! రాణి పేర వెలసిన ఆ కట్టడమునకు 2020 నుండి బాపూ మ్యూజియమని పేరు.

పేరున్న కట్టడముల సంగతి యిట్లుండును. ఏలుబడి మారినపుడు పేరు మారును. ఐనను ఎవరో యొకరు పాత పేరును, క్రొత్త పేరును, తేదీని వ్రాసి యుంచుదురు. కావున మరచిపోయినను మరల వెదకికొనవచ్చును.

ఇంక కొండకు పోదము. ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలు కలవు. పండితులు వానిని 6, 7 శతాబ్దుల నాటివిగా చెప్పుదురు. అక్కన్న మాదన్నలో, 17వ శతాబ్దిలో గోలకొండ యేలిన తానీషా కొలువునందలి మంత్రులు. వారు ఇచట విడిసిరని ప్రతీతి; ఆ పేరే నిలిచినది. వేయేండ్లకు ముందు ఉలి పట్టి ఆ రాతిని తొలిచిన పనివారి పేరు ఒక్కటియు మనకు దక్కలేదు.

మల్లేశ్వరాలయమునొద్ద దొరకిన రాతికంబము మీద యుద్ధమల్లుని శాసనము కలదు. అది సుమారు 1,100 ఏండ్ల నాటిది. మధ్యాక్కరలలో, అచ్చమైన తెలుగు నడకలో నున్న ఆ శాసనము మన భాషా చరిత్రకు పెన్నిధి. చేబ్రోలినుండి జాతరకు వచ్చిన కుమారస్వామికి ఇచట నెలవు మెచ్చి నిలిచిపోయెనని, ఆయనకు గుడియు మఠమును కట్టిరని అందు కలదు. ఆ మఠమున శివభక్తులైన గొరగలు తప్ప ఇతరులు విడియరాదని కట్టడి చేసి, అదియు రాతిమీద చెక్కించిరి. ఎవరు ఉండవచ్చునో, ఎవరు ఉండరాదో వ్రాసి పెట్టినందుననే నేడు మనము ఆ కాలపు మంచిచెడ్డలు రెండును తెలిసికొనగలుగుచున్నాము. ఈ మాటను పాఠకురాండ్రు కొంచెము గుర్తుంచుకొనవలయును. మరల దీనితో పనియున్నది.

ఆ కొండను గూర్చిన స్థలపురాణము మీలో పలువురకు తెలిసియే యుండును. మాధవవర్మ యను రాజు బెజవాడ నేలుచుండగా, రాజకుమారుడు వీధిలో రథము తోలుచుండ, చింతచిగురు అమ్ముకొని బ్రదుకు ఒక పేదరాలి బిడ్డ ఆ చక్రముల క్రింద పడి మరణించెను. ఆ తల్లి రాజునొద్దకు పోయి మొరపెట్టుకొనెను. రాజు తన కుమారునకే మరణదండన విధించెను. ఆ ధర్మమునకు మెచ్చి దైవము కనకవర్షము కురిపించి, ఇరువురు తల్లుల బిడ్డలను బ్రదికించినదట. రాజు పేరు మనకు తెలియును. కథకు మూలమైన ఆ తల్లి పేరో? "చింతచిగురమ్ముకొను స్త్రీ" – అంతే.

మేము పోయిన దినమున కొండమీద శాకంబరీ ఉత్సవము జరుగుచుండెను. ఆషాఢమున మూడు దినములు దుర్గమ్మను కాయగూరలతోడను, ఆకుకూరలతోడను, పండ్లతోడను అలంకరించి, కదంబము ప్రసాదముగా పంచుదురు. సారె పట్టుకొని వచ్చిన స్త్రీలతో మెట్లదారి నిండియుండెను. దర్శనము చేసికొని దిగివచ్చి, కాళేశ్వరరావు మార్కెట్టునకు పోయితిమి. 1956లో ఆంధ్రప్రదేశ శాసనసభకు మొదటి సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరిట వెలసినదది. దాపున గంప ముందు పెట్టుకొని చింతచిగురు అమ్ముచున్న ఒక యామె కనబడెను. చిగురు కాలము ముగియవచ్చినది, దోసెడు కొని, స్థలపురాణము మనసున నుండుటచే, "నీ పేరేమమ్మా?" అని అడిగితిమి. ఆమె నవ్వి, "నా పేరుతో మీకేం పనమ్మా? చిగురు బాగుంటే మళ్ళీ రండి" అనినది. మేము చిన్నబుచ్చుకొంటిమి. ఇంతకాలము ఆ బజారున ఎందరియొద్ద ఎన్ని కొంటిమో గాని, పేరడుగుట అదే మొదలు.

బట్టల బేరములు ముగించుకొని బ్రాహ్మణవీధి దాపున ఒక సందులోనుండి వచ్చుచుండగా వాన పట్టుకొన్నది. దగ్గరనున్న పాతయింటి అరుగెక్కితిమి. తలుపు తెరచుకొని ఎనుబదియైదేండ్లు పైబడిన ముసలమ్మగారు తొంగిచూచి, "లోపలికి రండమ్మా, జల్లు కొడుతోంది. ముందు ఆ బట్టల మూట లోపల పెట్టండి" అనిరి.

"మీకు శ్రమ ఇచ్చాం, మామ్మగారూ" అంటిమి.

"శ్రమేముంది? అరుగు వేసిందే అందుకు. అరుగు మనది కాదే, వీధిది అనేవారు మా అత్తగారు."

ఇల్లు లోపల మండువా. నాలుగు టేకు కంబములు. కాళ్లరాపిడికి నునుపుదేరిన నాపరాళ్లు. గోడలలో దీపపు గూళ్లు. వెనుక దొడ్డిలో చప్టా వేసి మూసిన నుయ్యి. ఒక గదిలో వస్తువులు మూటలు కట్టి పెట్టియున్నవి. సంగతి అడుగగా, దసరా వెళ్లగానే ఇల్లు పడగొట్టి అంతస్తులు వేయుదురని చెప్పిరి. "ముగ్గురు కొడుకులు, తలా ఒక ఊరు. వానొస్తే నాలుగు చోట్ల కారుతుంది. ఎవరిని తప్పు పట్టను తల్లీ?" అని తామే సమాధానమును చెప్పుకొనిరి.

కాపురమునకు ఎప్పుడు వచ్చితిరని అడిగితిమి. "సంవత్సరం నాకేం తెలుసమ్మా! బారేజి మీద కొత్తగా బళ్లు నడిచిన ఏడు మా పెద్దవాడు పుట్టాడు. అంతకు ముందేడు వచ్చాను. బందరు కాలవ మీద పడవలో సారె పెట్టెలతో దిగాను" అనిరి. బారేజి 1957లో సిద్ధమైనది గనుక, ఆమె వచ్చినది 1956 కావలయును. తేదీలు తెలియవనుకొను మన పెద్దవారియొద్ద ఎంతటి లెక్కయున్నదో చూచితిరా!

"ఈ యింటికి పేరేమైనా ఉందా, మామ్మగారూ?"

"పేరేముంది, నంబరుంది. పాతవాళ్లు మాత్రం నూతిల్లు అంటారు" అని చెప్పి, ఆ కథ వినిపించిరి. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు వీధివారికి నీటి యిబ్బంది కలిగెడిదట. ఈ నూతి నీరు తియ్యన. ఆమె అత్తగారు చేద లోపల పెట్టనిచ్చెడివారు కారు. తెల్లవారుజామునుండి చీకటిపడువరకు అది గిలక మీదనే యుండవలయును. ఎందరు వరుసలో నున్నను, చంటిబిడ్డ తల్లికి ముందు నీరు తోడి యీయవలయును. ఇది ఆ యింటి కట్టడి.

"అందరికీనా, మామ్మగారూ?" అని అడిగితిమి.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "లేదమ్మా. మొదట్లో అందరినీ రానిచ్చేవాళ్లు కారు. వీధి చివర బిందెలు పెట్టుకుని నిలబడేవాళ్లుండేవారు. మేమే తోడి, దూరంనుంచి పోసేవాళ్లం. నేను వచ్చిన చాలా ఏళ్లకు గాని అది పోలేదు. మీరు రాసేవాళ్లయితే అదీ రాయండి. దాచకండి" అనిరి.

సోదరీమణులారా! యుద్ధమల్లుని కంబము మాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఎవరు విడియవచ్చునో, ఎవరు విడియరాదో రాజు రాతిమీద చెక్కించెను. ఈ యింటి నూతి కట్టడి ఒక వృద్ధురాలి జ్ఞాపకమునందు మాత్రమే యున్నది. ఆమె తరువాత అది ఉండదు. ఇల్లు పడినచో నుయ్యి యున్న చోటును తెలియదు. ఆ వీధి స్త్రీలు ఎట్లు నీరు తెచ్చుకొనిరో, ఎవరికి ఆదరమును, ఎవరికి అవమానమును కలిగెనో చెప్పువారే యుండరు.

పేరున్నవానికి ఈ భయము తక్కువ. 2016 కృష్ణా పుష్కరముల పనులలో పట్టణమున కొన్ని చిన్న గుడులను తొలగింపగా, 2021 జనవరిలో తొమ్మిది గుడుల పునర్నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. వాని పేర్లు నలుగురకు తెలియును గనుక అడుగువారుండిరి. నూతియిల్లు పడినచో అడుగువారెవరు? 2020 అక్టోబరులో కొండ ప్రక్కన కృష్ణయొడ్డున కనకదుర్గ ఫ్లైఓవరు తెరచిన పిదప, పాతపేటలో కాలు పెట్టకయే కొన్ని నిముషములలో దాటిపోవచ్చును. ప్రయాణమునకు అది మేలే. కాని దాటిపోవువారికి సందులలోని యిండ్లు కానరావు.

పాతయిండ్లను పడగొట్టవలదని మేము చెప్పుటలేదు. కారు కప్పు క్రింద ముసలమ్మగారిని ఉండుమనుట దయ కాదు. పంచుకొను అన్నదమ్ముల కష్టము మనకు తెలియనిది కాదు. మేము కోరునది ఒక్కటే: ఇల్లు పోవుటకుముందు దాని కథను వ్రాసి యుంచుడు. ఈ పని పురుషులకంటె మనకే తగినది. ఇంటి గోడల సంగతి వారికి తెలియవచ్చును. ఆ యింట బ్రదికిన బ్రదుకు మనకు తెలియును. ఒక నోటుపుస్తకము, పెన్సిలు, మధ్యాహ్నపు పూట రెండు గంటలు చాలును. ఈ క్రిందివానిని అడిగి వ్రాసికొనుడు.

ఇల్లు ఎవరు కట్టించిరి, ఏ తాపీవారు, వడ్రంగులు పనిచేసిరి? దస్తావేజులలోను, పన్ను రసీదులలోను కొంత దొరకును. సంవత్సరము చెప్పలేనిచో గుర్తులనుబట్టి అడుగుడు: బారేజి వచ్చిన 1957, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు, కృష్ణా పుష్కరములు వచ్చిన 1980, 1992, 2004, 2016. వీనిలో ఏదో యొకటి పెద్దలకు తప్పక తగులును.

ఆ యింటిని వీధివారు ఏమని పిలిచిరి? ఏ యూరినుండి ఏ కోడలు, ఏ దారిని వచ్చినది? ఆమె పేరేమి? "ఫలానావారి కోడలు" అని వ్రాయక, పేరే వ్రాయుడు. ఇంట పనిచేసినవారి పేర్లును వ్రాయుడు.

ఎవరు లోపలికి వచ్చిరి, ఎవరు వాకిట నిలిచిరి? ఇది అడుగుటకు జంకు కలుగును. ఐనను అడుగవలయును. మంచి మాత్రమే వ్రాసినది పొగడ్త యగునే గాని, చరిత్ర కాదు.

ద్వారబంధమును, మండువాను, నూతిని ఫోటో తీసి, వెనుక తేదీ వ్రాయుడు. ఫోనులో తీసినచో అచ్చు వేయించి ఉంచుడు. ఫోను పోయిన ఫోటోయు పోవును. వ్రాసినదాని ప్రతి యొకటి ఇంట నుంచి, మరియొకటి దగ్గరి గ్రంథాలయమున కిచ్చిన మేలు.

వాన వెలిసిన పిమ్మట మేము సెలవు తీసికొనుచు ముసలమ్మగారి పేరును, ఆమె అత్తగారి పేరును అడిగి వ్రాసికొంటిమి. వారు వలదనుటచే ఇచ్చట ప్రకటింపలేదు. ఆ పుస్తకము వారి మనుమరాలికి అందజేసితిమి. అత్తగారి పేరు చెప్పునప్పుడు మామ్మగారు కొంచెము తడబడి, "ఆవిణ్ణి పేరు పెట్టి ఎవరూ పిలవలేదమ్మా, అందుకే చప్పున రాలేదు" అనిరి.

మరుసటి మారు వన్ టౌనునకు పోయినపుడు చీరలతోపాటు వీధిని కూడ చూచి రండు. మీ యింటి కథను వ్రాసి మాకు పంపినచో, ఈ శీర్షికయందు సంతోషముతో ప్రకటింతుము.